రాయి కరిచిన కాలు

మొన్న తుని సంతలో ఎండుచేపల వరసలో కూర్చుని ఉండగా, నా పక్కనే ఒకడు మా అత్తగారి కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ మా అత్తగారని వాడికి తెలియదు. "పూర్వం ఆ రాళ్ళరేవులో ఒక చిల్లంగి ముండ ఉండేదటండీ. ఇల్లరికపు అల్లుడి కాలు కుండలో పెట్టి ఉడకేసిందట. ఆ కాలితోనే వాడు చచ్చాడట" అని చుట్టూ ఉన్నవాళ్ళకి చెబుతూ, మధ్యలో చుట్ట ఆరిపోతే నా వేపు తిరిగి నిప్పు అడిగాడు. ఇచ్చాను. ఇచ్చి, పంచె కొంచెం పైకి లాగి, "ఆ కాలు ఇదేనయ్యా. ఆ చచ్చినవాణ్ణి నేనే. తరవాతేమయిందో కూడా చెప్పు, నేనూ వింటాను" అన్నాను. వాడు బుట్ట ఎత్తుకుని మరో వరసకి వెళ్ళిపోయాడు. అక్కడ మళ్ళీ అదే కథ చెప్పి ఉంటాడు.

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అంటారు. ఎక్కువే. కాని ఆవిడ పోయి ఇన్నేళ్ళయినా ఆవిడ నోటికి లేని మంత్రాలు అంటగడుతుంటే కోపం రాకపోతే అదేం ఒళ్ళు? నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. బెల్లం చుట్టి ఇచ్చిన కాగితాలు చదివి చదివి నేర్చుకున్న చదువు నాది. అయినా రాయగలను కనక రాస్తున్నాను. ఆ కాలు కథ జరిగింది జరిగినట్టు తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనూ మా ఆవిడా.

మాది ఇక్కడి ఊరు కాదు. గోదావరి సముద్రంలో కలిసే చోట, మడ అడవుల పక్కన ఉప్పుటేరు ఒడ్డున పుట్టాను. మా దగ్గర రాయన్నదే లేదు. గోడకి మేకు కొట్టాలంటే రాయి కోసం పక్క ఊరు వెళ్ళాలి. ఉన్నదంతా బురద. పాటు దిగి నీళ్ళు మోకాలి లోతుకి వచ్చాక మేము ఏట్లో నడుస్తూ కాళ్ళతోనే చేపలు పట్టేవాళ్ళం. బురదలో చదునుగా పడుకునే చేప అరికాలికి తగలగానే మడమతో అదిమిపట్టి, వంగి మొప్పల్లోకి వేలు దూర్చి పైకి తీయడమే. జెల్లయితే నున్నగా జారుతుంది, దానికి ముల్లుంటుంది కనక కాలు తీసెయ్యాలి. తోకలో విషపుముల్లుండే టేకుచేపయితే రెక్క ఆడిస్తుంది, దూరంగా తప్పుకోవాలి. ఇదంతా కళ్ళతో చూసి కాదు, అరికాలితోనే తెలుసుకోవాలి. మా నాన్న చిన్నప్పుడే పోతే మా పెదనాన్న నన్ను పెంచి, ఈ విద్య నేర్పాడు. "మన కాళ్ళకి కళ్ళున్నాయిరా" అనేవాడు. నిజమే, ఉన్నాయి. ఆ కళ్ళు బురదకే పనికొస్తాయని మాకెవరికీ తెలియదు.

తునికి అవతల సముద్రం ఒడ్డున రాళ్ళున్న రేవులో నాకు సంబంధం కుదిరింది. ఇప్పుడంటే నిడదవోలులో రైలెక్కి తునిలో దిగుతున్నారు. అప్పుడు రైలు లేదు. ఆనకట్ట పుణ్యమా అని కాలవలు మాత్రం వచ్చాయి. పడవ మీద సామర్లకోట దాకా వచ్చి, అక్కడినించి నడక. పిల్ల తండ్రి తెప్ప మీద వెళ్ళి తిరిగి రాలేదు. తల్లీ కూతురూ ఇద్దరే. అందుకని నన్ను ఇల్లరికం తీసుకున్నారు.

మా అత్తగారు పొట్టి మనిషి. నల్లగా, గట్టిగా ఉండేది. నవ్వితే పళ్ళు తెల్లగా మెరిసేవి. ఆడది తెప్ప ఎక్కకూడదు కనక, మొగుడు పోయాక ఆవిడ రాళ్ళ మధ్యన చేపలు పట్టడం మొదలుపెట్టింది. నీళ్ళు తీసినప్పుడు రాళ్ళ మీద నడిచి వెళ్ళవచ్చు. దానికి తెప్ప అక్కర్లేదు. ఊళ్ళో మగాళ్ళు రాళ్ళ జోలికి పోరు. వలలు చిరుగుతాయి. వాళ్ళు వొట్టి చేతులతో తిరిగొచ్చిన రోజున కూడా ఈవిడ బుట్టలో ఒక బొంత ఉండేది. బొంతంటే రాతి కన్నాల్లో కాపురముండే పెద్దనోటి చేప. ఒంటినిండా మచ్చలతో, రాతి నీడకీ దానికీ తేడా తెలియకుండా ఉంటుంది. పులుసుకి దాన్ని మించింది లేదు. "మగాళ్ళ వలకి పడని చేప దీని చేతికెలా వత్తందో" అని ఊళ్ళో ఒక మాట పుట్టింది. వినడానికి చిన్న మాటే అది.

రాళ్ళ మీదికి నన్ను తీసుకెళ్ళింది ఆవిడే. పొట్టి వెదురుకర్ర, దానికి తాడు, తాడుకి గాలం, గాలానికి పీత కాలు. కన్నంలోకి దింపగానే బొంత పట్టింది. నేను లాగాను. అది కన్నంలో బిగుసుకుపోయింది. ఇంకా లాగాను.

"లాగకు అల్లుడూ. దానికి బెట్టెక్కువ. లాగితే మొప్పలిచ్చుకుని రాతికి బిగిసిపోతాది" అంది.

"మరేం చెయ్యమంటావత్తా?"

"అలిగిన అల్లుణ్ణి ఏం సేత్తాం? బతిమాలితే ఇంకా బిగుత్తాడు. తాడొదిలేసి అటు తిరిగి కూకో. ఆకలేత్తే ఆడే బయటికొత్తాడు."

వెనకాల మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం వినబడింది. నేను తాడు వదిలి అటు తిరిగి కూర్చున్నాను. కాసేపటికి తాడు తనంతట తానే కదిలింది. బొంత కన్నంలోంచి బయటికి వచ్చింది. ఆ తరవాత చాలాకాలం, నేను కంచం ముందు మొహం ముడుచుకుంటే చాలు, అత్తగారు గోడ వేపు తిరిగి కూర్చునేది.

అక్కడ నేర్చుకోవలసినదల్లా ఒకటే. ఏది రాయి, ఏది చేప. రాళ్ళ సందుల్లో ఇంకో చేప ఉంటుంది. దానికి మాలో సరైన పేరే లేదు, రాతిచేప అంటాం. బొంత రాతి నీడలో దాక్కుంటే ఇది రాయిలాగే పడుకుంటుంది. ఒంటి మీద నాచు కూడా ఉంటుంది. వీపు మీద వరసగా ముళ్ళు, ఆ ముళ్ళలో విషం. కదలదు. మీద కాలు పడేదాకా కదలదు. దాన్ని గుర్తుపట్టడానికి అత్తగారికి ఒక పద్ధతి ఉండేది. నడుముకి ఇసకమూట కట్టుకునేది. అడుగు వెయ్యబోయే చోట ఒక పిడికెడు ఇసక నీళ్ళలోకి మెల్లగా వదిలేది. ఇసక దిగి రాతిమీద నిలిస్తే అది రాయి. ఒక పక్కన సన్నగా వణికి చెదిరితే అక్కడ మొప్ప ఆడుతోందన్నమాట. "రాయి ఊపిరి తియ్యదల్లుడూ" అనేది.

చెప్పులు వేసుకోవచ్చు కదా అని తునిలో ఒక పెద్దమనిషి నన్ను వెటకారంగా అడిగాడు. గంగమ్మ తల్లి ఒడిలోకి చెప్పుకాళ్ళతో ఎవరు దిగుతారండి? ఆయన గుళ్ళోకి చెప్పులతో వెళ్తారేమో నాకు తెలియదు.

ఇసక పద్ధతి నాకు నచ్చలేదు. అడుగడుక్కీ ఆగాలి. మా కాళ్ళకి కళ్ళున్నాయి కదా. ఒకరోజు పొద్దున్నే రెండు రాళ్ళ సందులో కాలు పెట్టాను. అరికాలికి మెత్తగా తగిలింది. మెత్తగా, చదునుగా, కదలకుండా, అచ్చం మా ఏట్లో బురదచేపలాగే. పుట్టి బుద్ధెరిగాక కాలికి అలా తగిలితే ఏం చెయ్యాలో అదే చేశాను. మడమతో బలంగా అదిమాను.

ఆ నొప్పి ఎలా ఉందో రాయడానికి ఎన్నిసార్లు ప్రయత్నించానో. కొలిమిలోంచి తీసిన మేకుల్ని వరసగా దిగ్గొట్టినట్టు ఉందని రాస్తే, అది కూడా చాలదు. కాలికి కాదు, తొడ దాకా, నడుం దాకా పాకింది. అత్తగారూ మా ఆవిడా చెరో రెక్కా పట్టుకుని ఒడ్డుకి ఈడ్చుకొచ్చారు.

"ఏటి తొక్కావు? ఏటి తొక్కావు సెప్పు!"

"రాయి కరిచిందత్తా" అన్నాను. చేపని నేను చూడలేదు. నాకు తెలిసింది అంతే.

ఆవిడకి అర్థమైంది. ఇంటికి తీసుకెళ్ళి కుండెడు నీళ్ళు పొయ్యి మీద పెట్టించింది. మా ఆవిడ తాటిమట్టలు ఎగదోస్తూనే ఉంది. నీళ్ళు కాగాక అత్తగారు ముందు తన మోచెయ్యి ముంచి చూసుకుని, ఓర్చుకోగలిగినంత వేడి అని తేల్చుకుని, అప్పుడు నా కాలు అందులో పెట్టింది. నేను కేకలు పెట్టాను. కాసేపటికి నొప్పి పట్టు సడలింది. నీళ్ళు చల్లారితే నొప్పి మళ్ళీ వచ్చేది. మళ్ళీ కాచేవారు. అలా పెడుతున్నంతసేపూ ఆవిడ "తల్లీ గంగమ్మా, నీ బిడ్డడే, తెలీక తొక్కాడు, వొగ్గెయ్" అని లోపల్లోపల గొణుక్కునేది.

ప్రాణం నిలిచింది. కాని కాలు గుమ్మడికాయలా ఉబ్బింది. అరికాలు నల్లబడింది. జ్వరం పట్టుకుంది. ఊళ్ళోకి ఉప్పుబళ్ళవాళ్ళు వచ్చి నన్ను చూశారు, కుండని చూశారు, ఆవిడ గొణుగుడు విన్నారు. ఊళ్ళో అప్పటికే ఉన్న ఆ చిన్న మాట వాళ్ళ చెవినా పడింది. బళ్ళతోపాటు ఆ కబురు కాకినాడ దాకా, అక్కడినించి మా ఏటిగట్టు దాకా పోయింది.

ఒక మధ్యాహ్నం మా పెదనాన్న గుమ్మంలో నిలబడ్డాడు. వెనక మా అన్న, అంటే ఆయన కొడుకు. వాళ్ళొచ్చేసరికి నా కాలు కుండలోనే ఉంది. ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

"చెల్లెమ్మా, వాడి కాలు బయటికి తియ్యి" అన్నాడు పెదనాన్న.

"నీళ్ళు సల్లారనీండి అన్నయ్యగారూ, తీత్తాను."

ఆయన నా దగ్గర కూర్చున్నాడు. ఆ మనిషి కళ్ళలో నీళ్ళు నేను చూడటం అదే మొదలు. "ఎవర్రా నిన్నిలా చేసింది?" అన్నాడు.

"రాయి కరిచింది పెదనాన్నా."

ఆయన మా అన్న మొహం చూశాడు. "రాయి కరుస్తుందేంట్రా ఎక్కడైనా? విన్నావా వీడి మాట! కళ్ళు కట్టేసింది." జ్వరంలో ఉన్నా నాకు తెలిసింది, నేను చెప్పిన నిజమే ఆవిడ మెడకి చుట్టుకుందని. కాదు, చేప, చేప అన్నాను. "ఇందాక రాయన్నావు, ఇప్పుడు చేపంటున్నావు" అన్నాడాయన జాలిగా.

మా అన్న నడుములోంచి కమ్మరి పట్టకారు తీశాడు.

ఎందుకో తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. చిల్లంగి చేసినవాళ్ళ ముందుపళ్ళు ఊడబెరికితే నోట మంత్రం పలకదని నమ్మకం. మా వేపు అలా నెత్తురు నోటితో తిరిగిన ముసలివాళ్ళని నేను ఎరుగుదును. వాళ్ళలో ఒక్కరికైనా మంత్రం వచ్చని నేను అప్పుడూ నమ్మలేదు. మమ్మల్ని మూఢులని రాసేవాళ్ళ మీద నాకు మంటే గాని, ఆ పట్టకారు మావాళ్ళ చేతిలో ఉన్నమాట నేను దాచను. పెదనాన్న చెడ్డవాడు కాదు. నన్ను పెంచినవాడు. ప్రేమతోనే వచ్చాడు, పట్టకారుతోనూ వచ్చాడు.

గుమ్మం బయట ఊరంతా నిలబడింది. ఒక్కరూ లోపలికి రాలేదు. మా ఆవిడ మాత్రం రోకలి తీసుకుని తల్లికి అడ్డం నిలబడింది. "మా అమ్మ మొహం మీద సెయ్యెయ్యండి సూద్దాం. ముందెవుడి బుర్ర పగులుద్దో!" అప్పటికి మా పెళ్ళై ఏడాది కాలేదు. నాకు ఆవిడంటే భయం అప్పుడే మొదలైంది, ఇప్పటికీ ఉంది.

అత్తగారు కూతుర్ని పక్కకి జరిపింది. "అన్నయ్యగారూ, రేపు పొద్దున్న పాటు దిగాక రాళ్ళ మీదికి రండి. ఆ కరిసిన రాయిని సూపిత్తాను. సూపించలేకపోతే అక్కడే కూకుంటాను, మీ పని మీరు సేసుకోండి."

"రేపటికి పారిపోతే?" అన్నాడు మా అన్న.

"ఎక్కడికి బాబూ? ఇటేపు సముద్రం, ఇటేపు నా కూతురు."

ఆ పూట ఆవిడ బొంత పులుసు పెట్టి ఇద్దరికీ ఆకులు వేసింది. వాళ్ళు ముట్టలేదు. తెచ్చుకున్న అటుకులు నములుతూ అరుగు మీద కూర్చున్నారు. మా అన్న ముక్కు మాత్రం పొయ్యి వేపే తిరిగి ఉంది.

మర్నాడు తెల్లవారాక నన్ను నులకమంచం మీద ఒడ్డుకి మోసుకొచ్చారు. అక్కడినించి అంతా కనిపిస్తోంది. అత్తగారు నడుముకి ఇసకమూట కట్టుకుని ముందు నడిచింది. వెనక పెదనాన్న, ఆ వెనక అన్న. ఒక సందులో ఇసక వదిలింది. నిలిచింది. ఇంకో సందు. నిలిచింది. నేను తొక్కిన చోట కూడా ఇసక నిలిచింది. ఆ చేప మన కోసం అక్కడే కూర్చుంటుందా? రోజూ వద్దనుకున్నా కాళ్ళ దగ్గరికి వచ్చే జీవి, ఆవేళ కావాలంటే ఎక్కడా లేదు. పోటు మళ్ళడం మొదలైంది. చివరి రాళ్ళ మీద నురగ ఎక్కుతోంది. "ఇంక చాలు నాన్నా" అన్నాడు అన్న.

చిట్టచివరి సందులో ఆవిడ ఇసక వదిలి, వంగి, అలాగే ఉండిపోయింది. "అన్నయ్యగారూ, ఇదిగో" అంది.

పెదనాన్న వంగి చూశాడు. నాచు పట్టిన రాయి తప్ప ఆయనకేమీ కనబడలేదు. "ఇది రాయే చెల్లెమ్మా."

"ఇసక సూడండి. ఆ మూల వొణుకుతంది."

"నీళ్ళు కదిలితే ఇసక కదలదా? నన్ను పిచ్చివాణ్ణి చెయ్యకు. రాయో చేపో నా కాలు చెబుతుంది" అని కాలెత్తాడు.

ఇన్నేళ్ళుగా నేను మళ్ళీ మళ్ళీ తలుచుకునేది ఈ క్షణాన్నే. ఆవిడ ఊరుకుంటే చాలు. ఆ కాలు దిగితే ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదని అంతకన్న సాక్ష్యం అక్కర్లేదు. ఆయన కేకే ఊరందరికీ చెప్పేది. ఆవిడ పళ్ళు ఆవిడకి దక్కేవి. నేనైతే ఊరుకునేవాణ్ణేమో.

ఆవిడ రెండు చేతులతో ఆయన పిక్క పట్టుకుని ఒక్క తోపు తోసింది. అంత మనిషీ వెల్లకిలా నీళ్ళలో పడ్డాడు. "నాన్నని చంపేస్తోందిరో!" అని అన్న అరిచాడు. ఆవిడ ఆ అరుపు పట్టించుకోలేదు. నీళ్ళలో కూర్చుని ఉక్కిరిబిక్కిరి అవుతున్న పెదనాన్న వేపు చెయ్యి చాపి, "మీవోడి నడుంలో ఉన్న ఆ పట్టకారు ఇప్పించండన్నయ్యా. ఉత్తసేతుల్తో పట్టకూడదు దీన్ని" అంది.

ఎందుకిచ్చాడో, మా అన్న ఇచ్చాడు. ఆవిడ పట్టకారుని మెల్లగా దింపి, రాతి కింద అంచు పట్టి, పైకి లేపింది. రాయి నోరు తెరిచింది. వీపు మీది ముళ్ళు వరసగా లేచి నిలబడ్డాయి. రెక్కల లోపలి వేపు కుంకుమలాంటి ఎరుపు. ఒడ్డు మీది జనం ఒక్కసారి వెనక్కి తగ్గారు.

ఆవిడ దాన్ని అలాగే పట్టుకుని నా మంచం దగ్గరికి తెచ్చింది. "కాలు సూపించల్లుడూ" అంది. నా నల్లబడ్డ అరికాలిలో గుచ్చుకున్న చోట్లు వరసగా ఉన్నాయి. పెదనాన్న తడిబట్టలతో వంగి చేప వీపు చూశాడు, నా కాలు చూశాడు, మళ్ళీ వీపు చూశాడు. ముళ్ళ మధ్య ఎంత ఎడం ఉందో, గాట్ల మధ్యా అంతే ఉంది. ఆయన ఇసకలో కూర్చున్నాడు. తన పాదం ఎత్తి, రెండు చేతులతో పట్టుకుని, ఎన్నడూ చూడనట్టు దాని వంక చాలాసేపు చూసుకున్నాడు.

తరవాత ఆవిడ వేపు తిరిగి, "చెల్లెమ్మా, నిన్నటి పులుసు ఉందా?" అన్నాడు.

"నిన్నటిది పారబోసానా ఏటి? రాతిరంతా ఊరితే ఇంకా రుసి" అంది ఆవిడ.

మా అన్న తిన్నంత ఆ ఇంట్లో ఇంకెవరూ ఎప్పుడూ తినలేదు. వెళ్ళే ముందు పెదనాన్న ఆవిడ ముందు చేతులు జోడించాడు. పట్టకారు అడగలేదు. ఆవిడా ఇవ్వలేదు. చేపని మాత్రం దొరికిన చోటే వదిలేసింది. దాని రాయి దానిదే కదా అంది.

నా కాలు బాగుపడడానికి ఆ వానాకాలమంతా పట్టింది. చిటికెనవేలు ఇప్పటికీ వంగదు. ఆ మంచం మీదే, సత్రంలో దిగిన ఒక దాసరి చేత ఇసకలో అక్షరాలు దిద్దించుకున్నాను. ఆ ఇసకా ఆవిడ మూటలోదే. ఇవాళ ఈ మాటలు రాయగలుగుతున్నానంటే అదీ ఆవిడ పెట్టిన భిక్షే. ఆ తరవాత నేను ఇసక వదలకుండా ఒక్క అడుగు వెయ్యలేదు. నా పిల్లలూ వెయ్యలేదు. మా ఇంట్లో మళ్ళీ ఎవరి కాలూ నల్లబడలేదు.

పట్టకారు మా వంటింట్లో మేకుకి వేలాడుతూ ఉండేది. రాతిచేప ఎప్పుడైనా గాలానికి పడితే దాన్ని విడిపించి వదలడానికి వాడేవాళ్ళం. ఆవిడ ముసలితనంలో పీతలంటే మహా ఇష్టపడేది. కష్టపడుతుందేమోనని పీత కాళ్ళు చితకగొట్టడానికి నేను పట్టకారు అందించబోతే, గుప్పెడు పీతకాళ్ళు ఒళ్ళో వేసుకుని, టక్కున ఒకటి కొరికి, నా వంక చూసి నవ్వేది.

"నాకెందుకల్లుడూ అది? నా పళ్ళు నాకున్నాయి కదా."